డోలు పలికిన డబ్బా

ఇంట్లోకి గ్రైండరు కొనాలంటే మనల్ని అడుగుతారు. పరుపులు, పరదాలు, ఆఖరికి పెరట్లో దండెం తీగ కొనాలన్నా "నువ్వే చూడు" అంటారు. పాటల పెట్టె దగ్గరికి వచ్చేసరికి మాత్రం, అదేమిటో, అది మగవాళ్ల శాఖ అయిపోతుంది. ఎక్కడ పెట్టాలో వాళ్లే చెబుతారు, ఎంత సౌండు పెట్టాలో వాళ్లే చెబుతారు. దాని వైర్ల కింద ఊడ్చే పని ఒక్కటీ మనకి వదిలేస్తారు. కాబట్టి ఆంప్లిఫయరు, సబ్‌వూఫరు అన్న మాటలు కనబడగానే పేజీ తిప్పేయకండి. కుక్కరు వెయిటూ గాస్కెట్టూ అర్థమైన మనిషికి ఇందులో అర్థం కానిదేమీ లేదు.

మా ఇంట్లో ఈ హడావిడికి మూలం మా మామయ్య. మాది జనగామ జిల్లా లింగాల ఘనపూర్. మీరు మా ఊరి పేరు విని ఉండకపోవచ్చు గానీ, ఒగ్గుకథ తెలిసినవాళ్లకి మా మండలంలోని మాణిక్యాపురం పేరు తెలుస్తుంది. చుక్క సత్తయ్యగారిది ఆ ఊరే. 1935లో పుట్టి, 2017లో పోయారు. మల్లన్న కథ, బీరప్ప కథ, ఎల్లమ్మ కథ చెప్పుకుంటూ సంగీత నాటక అకాడమీ అవార్డు దాకా వెళ్లిన మనిషి. పక్కన డోలు మోగుతూంటే ఒక్క మనిషే రాజూ అయ్యి, రాణీ అయ్యి, నవ్వించి ఏడిపించేవాడని మామయ్య ఇప్పటికీ చెబుతారు. ఆయన వయసులో ఉన్నప్పుడు కథ ఉందంటే చాలు, గొంగడి భుజాన వేసుకుని పొలాలకి అడ్డంబడి నడిచి వెళ్లి తెల్లవార్లూ కూర్చునేవారట.

మామయ్యకిప్పుడు ఎనభై దాటాయి. కిందటేడు ఇంట్లోకి కొత్త టీవీ వచ్చింది. పీటచెక్క మందం కూడా లేదు. మా అబ్బాయి అందులో యూట్యూబు తెరిచి సత్తయ్యగారి కథ పెట్టి, "తాతా, చూడు!" అన్నాడు. ఆయన కళ్లజోడు సర్దుకుని పది నిమిషాలు చూశారు. తర్వాత నావైపు తిరిగి, "గొంతు సత్తయ్యదే బిడ్డా. డోలేది?" అన్నారు.

డోలు బొమ్మలో ఉంది. వాయించే చెయ్యి కనిపిస్తోంది. చప్పుడు మాత్రం ఎవరో అట్ట డబ్బా మీద వేలితో కొట్టినట్టుంది. చెప్పొద్దూ, ఆయన అడిగేదాకా నాకూ ఆ సంగతి తట్టలేదు.

ఎందుకలా అయిందంటే, చప్పుడంటే గాలిని కదపడమే. సెకనుకు 20 సార్ల నుంచి 20 వేల సార్ల దాకా గాలి ఊగితే మన చెవి పట్టుకుంటుంది. తాళాల చప్పుడు వేల లెక్కలో ఊగుతుంది. దానికి చిన్న రేకు చాలు. డోలు అడుగునుంచి వచ్చే మంద్రం తక్కువసార్లు ఊగుతుంది గానీ, ఊగిన ప్రతిసారీ బోలెడంత గాలిని తొయ్యాలి. పొయ్యి రాజెయ్యడానికి అగ్గిపెట్టె అట్టతో విసిరితే ఏమొస్తుంది? చాట తీసుకుని విసరాలి. పలచటి టీవీలో చాట పెట్టే చోటు లేదు. అందులో ఉన్నవి అగ్గిపెట్టె అట్టలే. సబ్‌వూఫరు అన్న పెద్ద పేరు పెట్టుకున్న వస్తువు ఆ చాట. అంతకన్నా ఏమీ లేదు.

అటక మీద మావారి పెళ్లికాని రోజుల నాటి స్పీకరు పెట్టెలు రెండున్నాయి. క్యాసెట్ల కాలంలో కొన్నవి. వాటి ఆంప్లిఫయరు ఎప్పుడో కాలిపోయింది. పెట్టెలు మాత్రం పెళ్లిలో వచ్చిన ఇత్తడి బిందెల పక్కన భద్రంగా ఉన్నాయి. పాత స్పీకర్లు పారెయ్యబోయే ముందు ఒక్కసారి ముందు గుడ్డ తీసి చూడండి. మధ్యలో గరాటులాంటి అట్ట, దాని చుట్టూ మెత్తటి అంచు ఉంటాయి. ఆ అంచు ఫోముదైతే కాలం గడిచేకొద్దీ రస్కులా పొడిపొడిగా రాలిపోతుంది. మావి రబ్బరు అంచులు కావడంతో బతికిపోయాయి. వెనక 8 ఓమ్‌లు అని రాసి ఉంది. ఈ అంకె మనకి పని కొస్తుంది, గుర్తుంచుకోండి.

కొనడానికి హైదరాబాదు వెళ్లాం. ఇలాంటి సరుకంతా కోఠీలో గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. ఇరుకు సందు, రెండు పక్కలా పేర్చిన స్పీకర్లు, ఒక దుకాణంలో భక్తిపాట, పక్కదాంట్లో తీన్మార్. అక్కడ నిలబడి దేని సౌండు ఏమిటో తేల్చుకోవడం కూరగాయల సంతలో వీణ శ్రుతి చేసుకోవడంలాంటిది. ఒక దుకాణంలో (పేరెందుకు లెండి) కుర్రాడు నీలం దీపాలు మెరిసే డబ్బా ఒకటి తీసి, "అక్కా, ఇది పదివేల వాట్లక్కా. గల్లీ మొత్తం ఊగుతది!" అన్నాడు. మావారి మొహం వెలిగిపోయింది. మా అబ్బాయి మొహం అంతకన్నా వెలిగిపోయింది.

నేను డబ్బా వెనక్కి తిప్పాను. మిక్సీ కొన్నప్పుడు అలవాటైన పని. అక్కడ చిన్న అక్షరాల్లో, కరెంటు ఎంత తీసుకుంటుందో రాసి ఉంది. 60 వాట్లు.

"బాబూ, మా మిక్సీ 750 వాట్లు. పావుకిలో పసుపు కొమ్ములు పిండి చేస్తుంది. ఇది పదివేల వాట్లంటున్నావు. తీసుకునేది అరవై, ఇచ్చేది పదివేలైతే మిగతావి నువ్విస్తున్నావా?" అన్నాను.

"అది పీఎంపీఓ అక్కా," అన్నాడు తడుముకోకుండా.

ఈ పీఎంపీఓ అన్నది వినడానికి ఏదో ప్రభుత్వ పథకంలా ఉంటుంది గానీ, దానికి ఒక కొలత, ఒక పద్ధతి అంటూ లేవు. కన్ను మూసి తెరిచేంతలో ఎంత ఎగిరిపడగలదో ఊహించుకుని అట్ట మీద అచ్చువేసుకునే అంకె. నిజంగా పదివేల వాట్లు లాగితే 230 వోల్టుల లైను మీద 43 ఆంపియర్లు కావాలి. మన గోడకున్న పెద్ద ప్లగ్గే 16 ఆంపియర్లది. అడగాల్సింది ఆర్‌ఎంఎస్ వాట్లు. అంటే ఆగకుండా ఇచ్చే శక్తి. ఆ అంకె చెప్పకుండా నసిగితే డబ్బా కింద పెట్టి పక్క దుకాణానికి నడవడమే.

వాట్ల మీద మగవాళ్లకి ఉన్న మోజు నాకు ఎన్నటికీ అర్థం కాదు. నూరు వాట్లది యాభై వాట్లదానికి రెట్టింపు గట్టిగా వినిపిస్తుందనుకుంటారు. వినిపించదు. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెళ్లు, అంటే శ్రద్ధగా వింటే "కాస్త పెరిగినట్టుంది" అనిపించేంత. చెవికి రెట్టింపు అనిపించాలంటే పది రెట్లు వాట్లు కావాలి. హాల్లో కూర్చుని మామూలుగా వినే పాటకి ఖర్చయ్యేది ఒకటో రెండో వాట్లు. మిగతావి డోలు మీద దెబ్బ పడిన క్షణంలో ఊపిరి తీసుకోవడానికి. పండక్కి పాతికమంది వస్తారని రోజూ గుండిగలో వండుకోం కదా.

చివరికి మేం తెచ్చుకున్న ఆంప్లిఫయరు నా పోపులపెట్టె కన్నా చిన్నది. దాన్ని చూసి మావారికి మనసు చివుక్కుమంది. పాతదాంట్లో ట్రాన్స్‌ఫార్మరు బరువుకి చెయ్యి లాగేసేది, వేడికి పైన పాలగిన్నె పెట్టుకోవచ్చు. ఇది క్లాస్ డి అనే రకం. కరెంటును క్షణంలో వేల వేలసార్లు తెరిచి మూస్తూ పనిచేస్తుంది కనుక వేడి రూపంలో పోయేది తక్కువ. అందుకే చిన్నది, అందుకే చవక. లోపల ఉన్నది టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల టీపీఏ 3116 చిప్పు. 21 వోల్టులిచ్చి 4 ఓమ్‌ల స్పీకర్లు తగిలిస్తే ఒక్కో పక్క 50 వాట్లు ఇస్తుంది. మావి 8 ఓమ్‌లవి కనుక అందులో ఇంచుమించు సగం. చాలదూ?

ఇక్కడ చాలామంది దెబ్బతినేది అడాప్టరు దగ్గర. చిప్పు ఎంత మంచిదైనా అడాప్టరు ఇచ్చేదాన్ని మించి ఇవ్వలేదు. 12 వోల్టులు, 2 ఆంపియర్ల అడాప్టరు ఇస్తే ఆ రెండూ గుణించండి, 24. రెండు స్పీకర్లకీ కలిపి అంతే, ఆపైన డబ్బా మీద ఏ అంకె వేసుకున్నా సరే. మా ఇంట్లో చచ్చిపోయిన లాప్‌టాప్ తాలూకు అడాప్టరుంది. 19 వోల్టులు, 4.74 ఆంపియర్లు, గుణిస్తే 90. పిన్ను సైజూ, ప్లస్సు మైనస్సూ సరిపోయాయో లేదో దుకాణంలోనే చూపించుకుని, దాన్నే వాడుకున్నాం. అలా మిగిలిన డబ్బుతో ఆటోకి అయింది.

సబ్‌వూఫరు సంగతి వేరు. దాంట్లో రెండు రకాలు. ఒకదాని కడుపులోనే సొంత ఆంప్లిఫయరు ఉంటుంది, గోడ ప్లగ్గుకి తగిలించుకోవాలి. రెండోదాంట్లో ఉత్త స్పీకరే ఉంటుంది, దానికి వేరే ఆంప్లిఫయరు కావాలి. రెండోది చవకని దాన్ని తెచ్చి, ఎడమ కుడి స్పీకర్ల వైర్లతోపాటే దాన్నీ ఆంప్లిఫయరుకి కట్టేసేవాళ్లున్నారు. 8 ఓమ్‌లవి రెండు ఒకేచోట పక్కపక్కన కడితే లెక్కకి 4 అవుతుంది. అప్పటికే 4 ఉన్నచోట మరో 4 కడితే 2. ఓమ్‌లు తగ్గేకొద్దీ ఆంప్లిఫయరు మీద భారం పెరుగుతుంది. ఒక్క కోడలు ముగ్గురు అత్తలకి కాఫీ అందించాల్సి వచ్చినట్టే. వేడెక్కుతుంది, ఒకరోజు సమ్మె చేస్తుంది. అందుకని మేం మొదటి రకమే తీసుకున్నాం. ఎనిమిదంగుళాలది. ఆంప్లిఫయరుకి పెట్టినదానికి రెట్టింపు పైనే అయింది గానీ, డోలు కోసం వెళ్లి డోలు దగ్గర పిసినారితనం చెయ్యకూడదు కదా.

కలపడం చూస్తే నవ్వొస్తుంది, అంత తేలిక. ముందు అన్ని ప్లగ్గులూ పీకెయ్యాలి. ఆంప్లిఫయరు వెనక 'సబ్ అవుట్' అని గుంట ఉంటే, అక్కణ్నుంచి సబ్‌వూఫరు 'లైన్ ఇన్' గుంటకి ఒక్క తీగ. ఆ గుంట లేని ఆంప్లిఫయరైతే, స్పీకరు వైర్లు ముందు సబ్‌వూఫరుకి తెచ్చి అక్కణ్నుంచి స్పీకర్లకి తీసుకుపోయే ఏర్పాటు కొన్నిట్లో ఉంటుంది, కొనేముందే చూసుకోవాలి. స్పీకరు వైరును తీసుకెళ్లి 'లైన్ ఇన్' గుంటలో మాత్రం ఎన్నడూ దూర్చకూడదు. పసిపిల్లకి గరాటుతో పాలు పట్టినట్టవుతుంది. ఇక బంగారు పూత తీగలనీ, పాము మందం తీగలనీ చూపిస్తారు. పది పదిహేనడుగుల దూరానికి మామూలు రెండు పోగుల రాగి కరెంటు వైరు చాలు. బంగారమేదో మన మెడలోనే ఉంటే సరి.

అంతా కలిపి పాట పెడితే, మావాడు ఎంత తిప్పినా మంద్రం పలచగానే ఉంది. గొంతు మధ్యలోంచి రావాల్సింది రెండు పక్కలకీ చీలిపోయినట్టుంది. వెనక్కి వెళ్లి చూస్తే ఒక పెట్టెకి ఎర్ర తీగ ఎర్ర మీద, నల్ల తీగ నల్ల మీద ఉన్నాయి. రెండోదానికి తారుమారు. ఒకటి గాలిని తోస్తూంటే రెండోది అదే క్షణంలో లాగుతోంది. ఉయ్యాలని ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఒకేసారి తోస్తే అది ఊగుతుందా? తీగలు మార్చాం. ఎక్కడ దాక్కుందో ఆ మంద్రమంతా వచ్చి హాల్లో కూర్చుంది. మీ ఇంట్లో ఇప్పటికే స్పీకర్లుంటే ఈ పూటే వెనక తొంగిచూడండి. దీనికి కాణీ ఖర్చు లేదు. సబ్‌వూఫరు వెనక కూడా 0, 180 అని ఒక మీట ఉంటుంది. రెండిట్లో ఏది పెడితే మనం కూర్చున్నచోట మంద్రం నిండుగా వినిపిస్తే అదే సరైనది. తర్వాత గుయ్యిమని ఒక సన్న రొద మొదలైంది. అది మన కరెంటు గొంతే, సెకనుకు 50 సార్లు ఊగే కరెంటు. టీవీ, ఆంప్లిఫయరు, సబ్‌వూఫరు మూడింటినీ ఒకే బోర్డుకి మార్చేసరికి నోరు మూసుకుంది.

దాన్ని ఎక్కడ పెట్టాలన్నదాని మీద పెద్ద యుద్ధమే జరిగింది. మావారు టీవీ కిందే ఉండాలంటారు. నేను ఊడవడానికి అడ్డం రాకూడదంటాను. నిజానికి అంత లోతు చప్పుడు ఏ దిక్కునుంచి వస్తోందో చెవి పసిగట్టలేదు, కనుక ఎక్కడైనా పెట్టుకోవచ్చు. అయితే ఒక చిక్కుంది. సెకనుకు 40 సార్లు ఊగే చప్పుడు ఒక్క అల నిడివే 28 అడుగులు. మన హాలు పన్నెండు పద్నాలుగడుగులు. అల గోడకి కొట్టుకుని వెనక్కొచ్చి తనలో తనే కలిసి ఒకచోట ఉబ్బుతుంది, ఒకచోట మాయమవుతుంది. మంచి చోటు దొరకాలంటే సబ్‌వూఫరుని మనం కూర్చునే కుర్చీలో కూర్చోబెట్టి, మనం నేల మీద పాకుతూ ఎక్కడ నిండుగా వినిపిస్తుందో వెతకాలి. దొరికినచోట దాన్ని పెట్టాలి. మామయ్య మంచం మీద సబ్‌వూఫరుని పడుకోబెట్టి, మావారూ మావాడూ మోకాళ్ల మీద హాలంతా పాకారు. గుమ్మంలోకి వచ్చిన పాలామె ఏమనుకుందో గానీ, పాలు పోసి మాటాడకుండా వెళ్లిపోయింది. చివరికి దొరికిన చోటు బీరువా పక్క మూల. నా చీపురుకి అడ్డం లేదు. ఇంతకన్నా న్యాయమైన తీర్పు మా ఇంట్లో ఎప్పుడూ రాలేదు.

ఇక మర ఎంత తిప్పాలన్నది. మా అబ్బాయి లెక్కలో సబ్‌వూఫరంటే బారాతు ముందు వెళ్లే డీజే. కిటికీ అద్దాలు గలగలమనాలి. పక్కింట్లో బాలింత ఉంది. గోడ విచిత్రం ఏమిటంటే, మాటల్నీ తాళాల్నీ ఆపేస్తుంది, మంద్రాన్ని మాత్రం దాటిపోనిస్తుంది. మనం వినేది పాట, పక్కవాళ్లకి మిగిలేది 'దుబ్ దుబ్'. మైకు లేని రోజుల్లో రాత్రివేళ డోలు పక్క ఊరికి వినబడేదని మామయ్య అనేది ఉత్త గొప్ప కాదన్నమాట. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు మోగించకూడదని 2000 సంవత్సరంలో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనలున్నాయి. మా ఇంటికి మాత్రం తొమ్మిదే అని నేను నిబంధన పెట్టాను. సబ్‌వూఫరు ఉన్నట్టు తెలుస్తూంటే ఎక్కువైనట్టు, ఆపేస్తే ఏదో పోయినట్టనిపిస్తే సరిపోయినట్టు. ఉప్పు చూసే నాలుకున్నవాళ్లకి ఇది ఒకరు చెప్పక్కర్లేదు. మర నా చేతికే వచ్చింది.

ఆ రాత్రి మల్లన్న కథ పెట్టాం. డోలు మీద మొదటి దెబ్బ పడగానే మామయ్య వెన్ను నిటారుగా అయింది. అరచెయ్యి మోకాలి మీద దరువు వేస్తోంది. ఒక్కొక్క దెబ్బా నా గుండెలకీ తెలుస్తోంది, చాప కింద నేలకీ తెలుస్తోంది. "ఇగో, గిది డోలంటే!" అన్నారు. మేమందరం ఒకరి మొహాలొకరు చూసుకుని నవ్వుకున్నాం.

మరునాడు మా అమ్మాయి తాతయ్య పక్కన చేరి, ఆయన ఎప్పుడూ వినని కథ ఒకటి పెట్టింది. మధ్యలో ఒక మాట అర్థం కాక, "తాతా, ఇప్పుడేమన్నాడు?" అంది. ఆయన మాట్లాడలేదు. వెనక్కి జరిపి మళ్లీ పెట్టింది. మళ్లీ అడిగింది. ఆయన డోలు వైపే చూస్తున్నారు.

అప్పుడు తెలిసింది నాకు. మల్లన్న కథ ఆయనకి కంఠతా వచ్చు. చెవికి అందని మాటని మనసే పూరించుకుంటోంది. వయసుతోపాటు చెవి ముందు పోగొట్టుకునేది పైస్థాయి చప్పుళ్లనే. మన మాటల్లో స, శ, త, క లాంటివి అక్కడే ఉంటాయి. అచ్చులు కిందుంటాయి. అందుకే పెద్దవాళ్లకి మనం మాట్లాడుతున్నట్టు వినబడుతుంది గానీ, ఏం మాట్లాడామో తెలియదు. మనమేమో గట్టిగా అరుస్తాం, ఆయన "అరవకు, చెవుడు లేదు నాకు" అని విసుక్కుంటారు. రెండు మాటలూ నిజమే. ఇలాంటివాళ్ల కోసం మంద్రం పెంచితే మాట మరింత మునిగిపోతుంది. అందుకని వార్తలప్పుడు సబ్‌వూఫరుని పూర్తిగా ఆపేసి, ఆంప్లిఫయరు మీది ట్రెబుల్ మరని కాస్త పెంచడం మొదలుపెట్టాను. కొంత నయం. కొంతే. మూడు వేల డబ్బా చెవి డాక్టరు కాలేదు.

చెవి పరీక్ష మాట మూడేళ్లుగా ఎత్తుతున్నాం. ఎత్తినప్పుడల్లా లేచి పశువుల కొట్టంలోకి వెళ్లిపోయేవారు. టీవీదే తప్పనీ, ఈ కాలపు వాళ్లు నోట్లో మాట నోట్లోనే మింగుతున్నారనీ అనేవారు. ఈసారి అలా అనడానికి లేకుండా పోయింది. ఎదురుగా డోలు సత్తయ్యగారి కాలంలోలాగే మోగుతోంది మరి.

రాత్రి కంచం ముందు కూర్చుని, నేను అడగకుండానే అన్నారు, "డోలు మంచిగనే ఇనవడ్తుంది బిడ్డా. మాటే... మాట అందుతలేదు."

"సోమవారం జనగామ పోయొద్దాం మామయ్యా, ఊరికే చూపించుకుని వద్దాం," అన్నాను, మజ్జిగ పోస్తూ.

"పొద్దుగాల బస్సుకేనా?" అన్నారు.